రసమట్టంగారి రేకు కాలవ

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. కోడలు పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి కిటికీ తలుపులు తోసి, అలవాటు కొద్దీ పెరట్లోకి చూసింది. పెరటి చివర, ఇంటికి దూరంగా విడిగా ఉన్న గ్యారేజి ముందు అత్తగారు గొడుగు వేసుకుని, తలెత్తి చూరు వంక చూస్తూ నిలబడి ఉంది. చినుకన్నది లేదు. గొడుగు మాత్రం విప్పే ఉంది.

"అత్తయ్యా! వాన వెలిసిందండీ!" అని కిటికీలోంచి కేకేసింది కోడలు.

"ఆకాశంలో వెలిసింది. ఇక్కడ ఇంకా కురుస్తూనే ఉంది," అంది అత్తగారు, తల తిప్పకుండానే.

నిజమే. గ్యారేజి రేకుల కప్పు తలుపు వైపుకి వాలి ఉంటుంది. ఆ చూరు వెంబడి ఈ మూల నుంచి ఆ మూలకి ఒక రేకు కాలవ, ఎడమ మూలలో దానికో పైపు, పైపు కింద నీళ్ళ డ్రమ్ము. కప్పు మీది వాన నీళ్ళు కాలవలో పడి, కాలవలోంచి పైపులోకి, పైపులోంచి డ్రమ్ములోకి పోవాలని ఏర్పాటు. నీళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అవి కాలవ నిండా కదలకుండా నిలబడి, ఎండుటాకులు నానబెట్టుకుని, సరిగ్గా తలుపు నెత్తిన, మధ్యలోంచి పొర్లుతున్నాయి. పొర్లిన నీళ్ళు గడప ముందు మడుగు కట్టి, మెల్లగా తలుపు కిందనుంచి లోపలికి వెళ్తున్నాయి. డ్రమ్ములో మాత్రం ఒక కప్ప కూర్చునేటంత తడి.

ఆ కాలవ కట్టింది కోడలి మొగుడు. అతనికి బజార్లో ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపుంది. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే అతను చిన్న రసమట్టం పెట్టుకుంటాడు. అదే, తాపీమేస్త్రీల దగ్గర ఉంటుందే, గాజు గొట్టంలో బుడగ నట్టనడుమకి వస్తే మట్టం సరిపోయినట్టు, అది. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది పటాలు సరిచేసి తర్వాత కుర్చీలో కూర్చుంటాడు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు పాపిడి వంకరగా ఉందని దువ్వెన తీసుకుని తనే సరిచేస్తే ఆమె అదంతా ప్రేమనుకుని మురిసిపోయింది. మర్నాడు గోడ మీది క్యాలెండరుకి కూడా అదే మర్యాద జరగడం చూశాక, మనసులో అతనికి రసమట్టంగారని పేరు పెట్టుకుంది. ఆ పేరు ఇప్పటిదాకా పైకి అనలేదు. అవసరం పడలేదు.

కాఫీల దగ్గర అత్తగారు మామూలు గొంతుతో, పంచదార అందుకోమన్నట్టుగా, "నేను గ్యారేజిలోకి మారిపోతాన్రా," అంది.

రసమట్టం పేపర్లోంచి తలెత్తలేదు. "ఏం మార్చాలమ్మా?"

"ఏమీ మార్చక్కర్లేదు. నేనే మారతాను. నేనూ, మంచమూ, రేడియో."

పేపరు కిందికి దిగింది. "గ్యారేజిలోకా? కార్లు పెట్టుకునే చోట మనుషులుంటారా?"

"కారేదీ? అమ్మేశావుగా. ఇప్పుడందులో కాపురముంటున్నవి నీ విరిగిన ఫ్రేములూ, బల్లులూ. వాటికి పనికొచ్చింది నాకు పనికిరాదా?"

"ఇంట్లో నీకేం తక్కువైందమ్మా?"

"గడియ," అంది అత్తగారు.

పోయిన ఏడాది ఆవిడ బాత్‌రూంలో కాలు జారి పడింది. లోపల గడియ వేసి ఉంది. కొడుకు తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళి ఎత్తుకుని తీసుకొచ్చాడు. తుంటి అతుక్కుంది, ఆవిడ లేచి తిరుగుతోంది. పగిలిన తలుపు బాగుచేసి మళ్ళీ బిగించినప్పుడు మాత్రం అతను దాని గడియ ఊడదీశాడు. అంతటితో ఆగకుండా, ఆవిడ గది తలుపుకున్న గడియ కూడా ఊడదీశాడు. రెండు తలుపుల స్క్రూ చిల్లుల్లోనూ లప్పం కూరి, సానపట్టి, రంగు వేశాడు. ఎంత నున్నగా చేశాడంటే, అక్కడొక గడియ ఉండేదని చూపించడానికి చిన్న మచ్చ కూడా మిగల్లేదు.

"అది నీ మంచికే చేశాను," అన్నాడు.

"నా మంచికి నన్నడగలేదు. నాకు లోపల్నుంచి వేసుకునే తలుపొకటి కావాలి. గ్యారేజి తలుపుకి ఇంత లావు అడ్డగడియ ఉంది. నేను చూసుకున్నాను."

"దాంట్లోకి నీళ్ళొస్తాయమ్మా! వానొస్తే చాలు, గదంతా చెరువు. ఆ గ్యారేజిలోకి చుక్క నీరు రాని రోజున నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి. నేనడ్డం రాను."

అతను ఆ మాట తలుపు మూసేసినట్టు అన్నాడు. అత్తగారికి మాత్రం తెరిచినట్టు వినిపించింది. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసింది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఊరందరికీ లైన్లు కలిపిన మనిషి. ఒకసారి విన్నమాట మళ్ళీ మర్చిపోదు.

"అమ్మాయ్, విన్నావుగా?" అంది కోడలి వైపు తిరిగి.

"విన్నానండీ," అంది కోడలు, విననట్టు మొహం పెట్టి.

"చాలు. నువ్వే సాక్షివి."

అతను షాపుకి వెళ్ళాక కోడలు అత్తగారి పక్కన చేరింది. ఈ గొడవలో నలిగేది తనేనని ఆమెకి అప్పటికే అర్థమైంది. "అత్తయ్యా, ఆయన సంగతి సరే. నా సంగతి ఆలోచించారా? అత్తని తీసుకెళ్ళి షెడ్డులో పడేసింది అంటారు నన్ను. మీ అమ్మాయైతే ఫోన్లోనే ఉతికి ఆరేస్తుంది."

"అననీ. అనేవాళ్ళకి మనం కాకపోతే ఇంకొకళ్ళు. వాళ్ళ కాలక్షేపం వాళ్ళది."

"మీకేం, మీరు తేలిగ్గా అంటారు. పడేది నేను."

"పడొద్దు. నువ్వూ అనెయ్."

అంత సులువుగా చెప్పేసి ఆవిడ చిక్కుళ్ళు గిల్లడానికి కూర్చుంది. కోడలు మాత్రం ఆ పూటంతా గిన్నెల మీద కోపం చూపించింది.

సాయంత్రం అత్తగారు కొడుకుని గ్యారేజి దగ్గరికి పిలుచుకెళ్ళింది. "కాలవని పైపు ఉన్న వైపుకి కాస్త దించరా. కప్పుకి వాటం ఉంది, కాలవకి లేదు. నీళ్ళు ఎటు పోవాలో తెలీక నిలబడిపోతున్నాయి."

రసమట్టం జేబులోంచి ఆయుధం తీసి, నిచ్చెనెక్కి, కాలవ అంచు మీద పెట్టి, "చూడు," అన్నాడు గర్వంగా. "ఈ చివరా మట్టమే, ఆ చివరా మట్టమే. బుడగ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇంతకంటే సరిగ్గా ఎవడు కడతాడు?"

"సరిగ్గా ఉండబట్టే తగలడిందిరా. వంచు."

"వంచితే ఎలా ఉంటుందమ్మా చూడ్డానికి! పైన రేకు అంచు సాఫీగా, కింద కాలవ ఏటవాలుగా. రోడ్డు మీద పోయేవాడు ఏమనుకుంటాడు? జనం గోడల మీద పటాలు సరిచేసేవాడి ఇంట్లో కాలవ వంకర అనుకోడూ?"

"రోడ్డు మీద పోయేవాడు నా గదిలో పడుకోడు."

"పైపులో చెత్త అడ్డం పడుంటుంది, తీయిస్తాలే," అని అతను దిగిపోయాడు. తీయించలేదు. కోడలు దూరం నుంచి ఇద్దర్నీ చూస్తూ, ఇందులో పట్టుదల పాలెంత, పనితనం పాలెంత అని ఆలోచించింది. కాలవ బాగుపడితే మాట నిలబెట్టుకోవాల్సి వస్తుందని అతనికి తెలుసు. అయినా, నిజంగా వంకర పని చెయ్యమంటే అతని చెయ్యి ఆడదన్నదీ అంతే నిజం. రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి.

ఆ మర్నాటి మధ్యాహ్నం ఆమె ఉతికి మడతలు పెట్టిన బట్టలు ఎత్తుకుని, ఎప్పట్లాగే మోచేత్తో అత్తగారి గది తలుపు తోసింది. తలుపు సగం కదిలి ఆగింది. లోపల ఏదో నేల మీద కీచుమంటూ జరిగింది.

"ఆగమ్మా, ఆగు! ఒక్క నిమిషం!" అత్తగారి గొంతులో ఎప్పుడూ లేని కంగారు.

సందులోంచి కనబడకూడనిదే కనబడింది. ఆవిడ తలుపుకి వీపు తిప్పి, తుంటికి మందు రాసుకుంటూ, జారిన బట్టలు రెండు చేతులా మీదికి లాక్కుంటోంది. తలుపుకి అడ్డంగా చెక్క కుర్చీ. కుర్చీ మీద బరువుకని పాత టెలిఫోన్ డైరెక్టరీలు.

కోడలు తలుపు దగ్గరికి లాగి బయటే నిలబడింది. కాసేపటికి కుర్చీ జరిపిన చప్పుడు, "రా" అన్న పిలుపు వినిపించాయి.

"రోజూ ఇలా కుర్చీ అడ్డం పెట్టుకుంటున్నారా?"

"గడియ లేదుగా," అంది అత్తగారు జుట్టు సర్దుకుంటూ. "బాత్‌రూంలో అయితే పాట పాడుతుంటాను. లోపల మనిషున్నట్టు తెలియాలి కదా. నాకు పాటలంటే అంత ఇష్టమని మీరనుకుంటున్నారు."

ఏడాదిగా ఆ పాటలు విని, అత్తయ్య హుషారుగా ఉన్నారని కోడలే ఫోన్లో ఆడపడుచుకి చెప్పింది. రోజుకెన్నిసార్లు ఈ తలుపు తోసిందో! కాఫీ ఇవ్వడానికి ఒకసారి, మాత్రలివ్వడానికి ఒకసారి, ఊరికే చూసిపోవడానికి ఇంకోసారి. ఒక్కసారీ తట్టలేదు. ప్రేమతోనే వచ్చింది. చేతినిండా ప్రేమ పట్టుకుని వచ్చేవాళ్ళు తలుపు తట్టాలంటే చెయ్యి ఖాళీ ఉండదు మరి.

ఆమె బట్టలు మంచం మీద పెట్టి, "నిచ్చెన మీరు పట్టుకుంటారా, నేనెక్కుతాను," అంది.

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. "ఊళ్ళో వాళ్ళో?"

"వాళ్ళ కాలక్షేపం వాళ్ళది."

ఆ మధ్యాహ్నం ఆ పెరట్లో జరిగిన పని ఎవరైనా చూసుంటే బాగా నవ్వుకునేవాళ్ళు. కోడలు స్క్రూడ్రైవరు నోట కరుచుకుని నిచ్చెన మీద. అత్తగారు కింద నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకుని ఎక్స్‌ఛేంజి సూపర్‌వైజరు గొంతుతో ఆజ్ఞలు. ముందు కాలవలో కుళ్ళిన ఆకులన్నీ చేత్తో తోడేశారు. తర్వాత కాలవని పట్టుకున్న కొక్కేలు ఒక్కొక్కటే వదులు చేసి, కుడి నుంచి ఎడమకి, పైపు వైపుకి కొంచెం కొంచెంగా దించుకుంటూ వచ్చారు.

"ఇంకొంచెం! బొటనవేలంత!"

"ఎవరి బొటనవేలండీ, మీదా నాదా?"

"నీదే. నాది వాతంతో లావైంది."

అంతా అయ్యాక కోడలు కుడి చివర చెంబుడు నీళ్ళు పోసింది. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, దారి తెలిసినట్టు జరజరా పాకి పైపులోకి దూకాయి. డ్రమ్ము అడుగున టపటపమంది. నిచ్చెన మీద ఒకరు, కింద ఒకరు, ఇద్దరాడవాళ్ళూ చిన్నపిల్లల్లా కేకపెట్టారు. డ్రమ్ము నిండితే పొర్లిన నీళ్ళు మళ్ళీ గోడ మొదట్లోకే రాకుండా, అక్కణ్ణుంచి చిక్కుడు పాదుదాకా గునపంతో చిన్న బోదె తవ్వి, అడుగున గులకరాళ్ళు పరిచారు. గడప ముందు గుంటని కంకరతో పూడ్చారు. చివరికి విరిగిన ఫ్రేములన్నీ ఒక మూలకి సర్ది, మడతమంచం లోపల వేసి వచ్చారు.

సాయంత్రం రసమట్టం గేటు తీస్తూనే ఆగిపోయాడు. అంత దూరం నుంచి, మసక వెలుతుర్లో, బొటనవేలంత తేడా అతని కంట్లో ముల్లులా గుచ్చుకుంది. "ఎవరు ముట్టుకున్నారు దాన్ని?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అతను నిచ్చెన వేసుకుని, పొద్దు పోయేలోగా కాలవని మళ్ళీ బుడగ నడుమకి తెచ్చి దిగాడు. దిగి చేతులు కడుక్కుని అక్కకి ఫోన్ చేశాడు.

అక్క బీమా ఏజెంటు. ఎవరింటికి వెళ్ళినా కాఫీ కన్నా ముందు ప్రమాదాలు కనబడతాయి ఆమెకి. ఈ స్విచ్చి ఏమిటి ఇలా ఉంది, ఈ మెట్టు మీద ఎవరూ జారలేదా ఇంతవరకూ, అని ఆశగా అడుగుతుంది. ఆదివారం సాయంత్రం, మబ్బులు కమ్ముతుండగా దిగింది. చెప్పులు విడవకుండానే, "ఏమ్మా మరదలా, మా అమ్మని షెడ్డులో పెడుతున్నావట! ఇల్లు ఇరుకైపోయిందా మీకు?" అంది.

ఈ మాట కోసమే కోడలు కొన్నాళ్ళుగా భయపడుతోంది. తీరా వచ్చాక చూస్తే అది తను అనుకున్నంత పెద్దగా లేదు. "అవును వదినా, నేనే పెడుతున్నాను," అంది. "ఎవరైనా అడిగితే మీరూ అలాగే చెప్పండి. కూర్చోండి, కాఫీ తెస్తాను."

ఆడపడుచు తమ్ముడి వైపు తిరిగింది. "చూశావట్రా ఎలా మాట్లాడుతోందో!"

"దాన్నేమీ అనకు," అంది అత్తగారు తన కుర్చీలోంచి. "అడగాల్సింది ఉంటే నన్నడుగు. ఇక్కడే ఉన్నాగా? నేను పోయినట్టు నా గురించి మీలో మీరు మాట్లాడుకుంటారేమిటి?"

"అమ్మా, ఆ వయసులో ఒంటరిగా, విడిగా, లోపల గడియ పెట్టుకుని... ఏదైనా అయితే?"

"అయితే అవుతుంది. అయ్యేది ఈ ఇంట్లోనూ అవుతుంది. అప్పుడు మీరంతా చుట్టూ నిలబడి చూస్తారు, అంతేగా తేడా?"

"అలా మొండిగా మాట్లాడితే ఎలాగమ్మా?" రసమట్టం గొంతు లేచింది. "ఆ రోజు నేను లేకపోతే ఏమయ్యేది? చెప్పు! నేనొప్పుకోను. గ్యారేజి లేదు, గడియ లేదు. నేనున్నన్నాళ్ళూ ఈ ఇంట్లో నీ తలుపుకి గడియ ఉండదు!"

ఆ మాట అన్నాక అతనికే అది ఎక్కువైనట్టు అనిపించింది కాబోలు, చూపు తిప్పుకున్నాడు. బయట మొదటి చినుకులు పడ్డాయి. అత్తగారు నెమ్మదిగా లేచింది. రేడియో చంకన పెట్టుకుంది. ఆ రోజు అవసరం లేకుండా వేసుకున్న గొడుగుని ఈసారి మూలనే వదిలేసి, వంటింటి గుమ్మం దాటి, వానలో పెరటికడ్డంగా నడిచి, గ్యారేజిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. అడ్డగడియ పడిన చప్పుడు ఇంట్లోకి వినబడింది.

"అమ్మా!"

ముగ్గురూ పరిగెత్తుకెళ్ళేసరికి వాన ఊపందుకుంది. మట్టంగా ఉన్న కాలవ చకచకా నిండి, తలుపు నెత్తిన ఎప్పుడూ పొర్లే చోటే పొర్లడం మొదలుపెట్టింది. రసమట్టం ఆ ధార కిందే నిలబడి రెండు చేతులతో తలుపు బాదాడు. "అమ్మా, తలుపు తియ్యి! నీళ్ళొస్తాయి లోపలికి! తియ్యమంటున్నానా!"

"తియ్యను," అంది లోపలి గొంతు, తాపీగా. "నీళ్ళు గడప దాకా వచ్చేశాయి. ముందు నీ కాలవ వంచు."

"మళ్ళీ జారి పడతావమ్మా! తియ్యమ్మా... అమ్మా!"

ఆ చివరి పిలుపు విని కోడలు అతని మొహంలోకి చూసింది. అది కోపం కాదు. అతను బాదడం ఆపి, తలుపుకి చెవి ఆనించి లోపలి చప్పుడు కోసం వింటున్నాడు. పోయిన ఏడాది బాత్‌రూం తలుపు ముందు కూడా ఇలాగే విన్నాడు. ఆ కంగారులో అప్పుడు తను అది పట్టించుకోలేదు.

"ఆ రోజు నువ్వు లోపల మూలుగుతున్నావు," అన్నాడు అతను తలుపుకి నుదురు ఆనించి. వాననీళ్ళు మెడ మీంచి కారిపోతున్నాయి. "నా పేరే పిలుస్తున్నావు. తలుపు ఎంతకీ విరగదు. ఒక్కసారిగా నీ గొంతు ఆగిపోయింది. అప్పుడేమనుకున్నానో తెలుసా? ఇప్పటికీ నీ గది ముందునుంచి వెళ్తే చాలు, అదే వినబడుతుంది నాకు. అందుకే తీసేశానమ్మా. నిన్ను చిన్నబుచ్చాలని కాదు."

ఈసారి లోపలి గొంతు తలుపుకి బాగా దగ్గరగా, రెండోవైపు నుదురు ఆనించినంత దగ్గరగా వచ్చింది.

"తెలుసురా. నువ్వు ఆ తలుపు పగలగొట్టబట్టే బతికాను. కాదన్నానా? అయితే మాత్రం, ఇక ఎప్పటికీ పగిలిన తలుపులోనే ఉండమంటావా? నీ భయం నీకుంది, ఉండనీ. నాకూ ఉంది. నీ భయం తీరడానికి నా సిగ్గు తీసేస్తే ఎలా చెప్పు? నా బిడ్డవే, కాదనను. కానీ పాట పాడుతూ స్నానం చేస్తున్నాన్రా నేను, ఎవరైనా తోసుకొస్తారేమోనని."

ఆడపడుచు చేతిలో గొడుగు పక్కకి ఒరిగిపోయింది. "పాటలు అందుకా..." అని గొణిగింది. ఆ పాటలు ఆమె కూడా ఫోన్లో విని సంతోషించింది.

రసమట్టం మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నదాంట్లో వాన ఎంతో తెలియదు. గోడకి ఆనించి ఉన్న నిచ్చెన తెచ్చి చూరుకి వేశాడు. కోడలు కింద పట్టుకుంది. ఆడపడుచు, జారతావు జారతావు అంటూనే, నిచ్చెన రెండో కాలు పట్టుకుంది. అతను పైకెక్కి, అలవాటు కొద్దీ జేబులోంచి రసమట్టం తీసి, కాలవ మీద పెట్టబోయి, ఆగాడు. వంగి దాన్ని పెళ్ళాం చేతికిచ్చాడు.

"ఎంత దించాలమ్మా?" అని అరిచాడు.

"నాకేం కనబడుతుందిరా ఇక్కణ్ణుంచి? నీళ్ళనడుగు!"

అతను కొక్కెం వదులు చేసి కాలవని ఎడమకి దించాడు. ఏమీ కాలేదు. ఇంకా దించాడు. చెయ్యి వద్దంటున్నా దించాడు. అప్పుడు కాలవ నిండా నిలబడ్డ నీళ్ళన్నీ ఒక్కసారిగా కదిలాయి. పైపు గుటకలు వేసింది. డ్రమ్ము మోగడం మొదలైంది. తలుపు ముందు పడుతున్న ధార సన్నబడి, దారమై, చుక్కలై, ఆగిపోయింది. అంత వానలోనూ గడప ముందు మాత్రం కురవడం లేదు.

అతను నిచ్చెన మీదే కాసేపు ఉండిపోయాడు, ఆ వంకర కాలవలో పరిగెత్తే నీళ్ళని చూస్తూ. దిగి వచ్చి, తలుపు మీద మళ్ళీ పిడికిలెత్తాడు. ఎత్తిన పిడికిలి విప్పి, వేలి కణుపుతో మెల్లగా రెండుసార్లు తట్టాడు.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

అడ్డగడియ లేచింది. తలుపు తెరుచుకుంది. అత్తగారు తడి జుట్టుతో, రేడియో ఇంకా చంకలోనే పెట్టుకుని నిలబడి ఉంది. "రా నాన్నా," అంది. "కాళ్ళు తుడుచుకుని రా. ఇప్పుడే ఆరుతోంది నా ఇల్లు." అతను ఆ మాటకి నవ్వబోయి, గడప మీదే కూర్చుని, తల్లి మోకాళ్ళకి మొహం ఆనించి ఏడ్చేశాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, కోడలి చేతిలోని రసమట్టం వంక చూసి కళ్ళతో నవ్వింది.

ఆడపడుచు ఊరెళ్ళేలోగా కొన్ని షరతులు పెట్టకుండా ఉండలేకపోయింది. మంచం పక్కన ఒక బెల్లు ఉండాలి, నొక్కితే ఇంట్లో మోగాలి. అత్తగారు ఒప్పుకుని తన షరతు కలిపింది. "తలుపు బయట కూడా ఒకటి పెట్టించండి, నొక్కితే నా దగ్గర మోగేట్టు. లైను రెండువైపులా పనిచెయ్యాలి. నేను ఎత్తితేనే కలిసినట్టు."

తర్వాత వచ్చిన వానలకి గ్యారేజిలో చుక్క నీరు దిగలేదు. చిక్కుడు పాదు బోదె నీళ్ళు తాగి పందిరి దాటింది. ఒకరోజు పొద్దున్న రసమట్టం షాపు తీయకుండా, బాత్‌రూం తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉండడం కోడలు చూసింది. పక్కన పాత గడియ ఉంది. ఊడదీసిన స్క్రూలన్నిటితో సహా అతను దాన్ని ఇన్నాళ్ళూ చిన్న డబ్బాలో దాచాడన్నమాట. పారేయడానికి మనసు రాలేదు కాబోలు. అతను గడియని తలుపు మీద ఆనించి, రంగు వేసిన చోట చేత్తో తడుముకుంటున్నాడు. తనే నున్నగా మాయం చేసిన చిల్లులు తనకే దొరకడం లేదు.

అత్తగారు వెనకనుంచి వచ్చి వంగి చూసింది. "ఏరా, నీ పుల్ల ఏదీ?"

అతనికి ముందు అర్థం కాలేదు. కోడలు కొంగున ముడేసినంత భద్రంగా దాచిన రసమట్టం తీసి అతనికి అందించింది. "ఇదిగోండి, రసమట్టంగారూ," అంది. ఇన్నేళ్ళకి ఆ పేరు పైకి వచ్చేసింది. అతను తలెత్తి చూశాడు. వాన వెలిసిన మొహంతో కాస్త నవ్వాడు.

"దీన్ని మాత్రం మట్టంగా బిగించరా," అంది అత్తగారు. "వంకరుంటే పడదు."

అతను బుడగ నడుమకి వచ్చేదాకా చూసి, కొత్త చిల్లులు వేసి, ఒక్కొక్క స్క్రూ బిగించి లేచి నిలబడ్డాడు. అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి తలుపు మూసింది. గడియ నూనె రాసినట్టు జారి పడింది. అతను కదలకుండా మూసిన తలుపు వంక చూస్తూ నిలబడ్డాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుంది.

లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది. పాట వినబడలేదు.